సీసాలో పహిల్వాను: తోడు తెచ్చే ముందు

పెండ్లి గాజుల కోసమో, నాటుకోళ్ళ కోసమో చార్మినార్ దాకా వెళ్ళిన రైతు సోదరుల్లో చాలామందికి ఇది అనుభవమే. లాడ్ బజార్ దాటి మహబూబ్ చౌక్ వైపు, అదే మనవాళ్ళు ముర్గీ చౌక్ అనే చోటికి నడుస్తుంటే వెంట వచ్చిన పిల్లవాడు ఎక్కడో గల్లీలో ఒక రంగుచేపల దుకాణం ముందు ఆగిపోతాడు. చిన్న చిన్న సీసాల్లో ఒక్కో చేప. నెమలి పింఛంలా తోక, నీలమో ఎరుపో రంగు. ఒక సీసాకూ ఇంకో సీసాకూ మధ్య అట్టముక్క అడ్డం పెట్టి ఉంటుంది. ఆ అట్ట తీస్తే చాలు, రెండు చేపలూ మొప్పలు విప్పి అద్దాన్ని గుద్దుతాయి. "ఫైటర్ హై పటేల్, అకేలా రఖో" అంటాడు దుకాణదారు. ఒంటరిగానే ఉంచమని దానర్థం. పిల్లవాడు వింటాడా? "నాయినా, పాపం ఒక్కటే ఉంది, దానికి తోడు ఇంకో నాలుగు కొను" అంటాడు.

అక్కడే చిక్కు మొదలవుతుంది. ఈ తోడు తెచ్చే విషయంలోనే ఎక్కువమంది చేపలను పోగొట్టుకుంటున్నారు. ఈ వ్యాసం రాస్తున్నవాడు కూడా అందులో ఒకడు. మొదటిసారి తెచ్చినప్పుడు అడుగు పొడవు తొట్టిలో ఒక ఫైటర్‌నూ, అయిదు మగ గప్పీలనూ కలిపి వదిలాను. రాత్రి అంతా బాగానే కనిపించింది. తెల్లారేసరికి మూడు గప్పీలకు తోకలు లేవు. రెండు కిందపడి నేలమీద ఎండిపోయాయి. అవి తరిమితే దూకినవి. మూత పెట్టాలన్న సంగతి అప్పటికి నాకు తెలియదు.

వరిమడిలో పుట్టిన చేప

ఫైటర్ అసలు ఊరు థాయిలాండ్. పూర్వం సయాం అనేవారు. అక్కడి వరిమళ్ళలో, కాలువల్లో, గడ్డి పెరిగిన లోతులేని మడుగుల్లో ఉంటుంది. మన దగ్గర కోడిపందేలు ఎలాగో, అక్కడ ఈ చేపల పందేలు అలాగ. పందేల కోసమే తరతరాలుగా పోట్లాడే వాటిని ఏరి పెంచారు. తర్వాత రంగు కోసం, పెద్ద తోక కోసం ఏరారు. 1910లో రీగన్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి బెట్టా స్ప్లెండెన్స్ అని పేరు పెట్టాడు. 2019లో థాయిలాండ్ ప్రభుత్వం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

మనకు అర్థం కావాలంటే కొర్రమట్టను తలుచుకుంటే చాలు. కొర్రమీను అని కూడా అంటారు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించింది దాన్నే. మృగశిర కార్తెనాడు పాతబస్తీ దూద్‌బౌలి బత్తిని కుటుంబంవారు పంచే చేప మందులో వాడేదీ దాని పిల్లనే. కొర్రమట్ట నీళ్ళపైకి వచ్చి గాలి మింగి పోవడం మీరు చూసే ఉంటారు. చెరువులో ఎర్రటి పిల్లల గుంపు తేలుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా కాయడమూ, దగ్గరికి చెయ్యి పోనిస్తే కొట్టడమూ తెలిసిన సంగతే. ఫైటర్ దానికి దూరపు చుట్టం. దీనికి కూడా మొప్పల పైన గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది. మగచేప నీటిమీద నురుగుతో గూడు కట్టి, అందులో గుడ్లు పెట్టి కాపలా కాస్తుంది. ఆ గూటి చుట్టూ ఉన్నదంతా తన పట్టాభూమి అనుకుంటుంది. దాని కోపమంతా ఈ హద్దు గురించే.

పొలం గట్టు తగాదాలు చూసినవారికి దీన్ని వివరించనక్కర్లేదు. వరిమడిలో రెండు మగచేపలు ఎదురుపడితే ఓడిన చేప గడ్డిలోకి పారిపోతుంది. గెలిచింది కొంతదూరం తరిమి వెనక్కి వస్తుంది. కథ అక్కడికి అయిపోతుంది. గాజు తొట్టిలో పారిపోయే చోటు ఉండదు. ఓడిన చేప కళ్ళముందే ఉంటుంది కాబట్టి గెలిచినదానికి తగాదా తీరినట్టు అనిపించదు. చచ్చేదాకా కొడుతుంది. కాబట్టి ఫైటర్‌కు తోడు పెట్టవచ్చా అని అడిగేముందు, తొట్టిలో పారిపోయే చోటు ఉందా అని చూసుకోవాలి.

ఇంకో మాట. ఒంటరిగా ఉంటే ఫైటర్ దిగులు పడదు. అది గుంపు చేప కాదు. తోడు మనకు కావాలి, దానికి కాదు. ఈ సంగతి పిల్లలకు ముందే చెప్పండి.

తొట్టి ఎంత?

ఒక ఘనపు అడుగుకు సుమారు 28 లీటర్ల నీరు పడుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు తొట్టి ఒక్క ఫైటర్‌కు హాయిగా సరిపోతుంది. దుకాణంలో సీసాలో ఉంది కదా అని ఇంట్లోనూ సీసాలోనే పెట్టకండి. అమ్మేదాకా నిలవ ఉంచడానికి వాడేది అది. బజారులో కోడి గంప కింద ఉంటుంది, అంతమాత్రాన ఇంటిదగ్గర కూడా గంప కిందే పెంచుతామా?

తోడు పెట్టాలంటే తొట్టి అడుగున్నర పొడవు ఉండాలి, అంటే సుమారు 42 లీటర్లు. రెండడుగులైతే ఇంకా మేలు. ఇక్కడ పొడవు ముఖ్యం, ఎత్తు కాదు. ఎత్తైన సన్నటి తొట్టిలో నీరు ఎక్కువే పట్టినా పక్కకు తప్పుకునే చోటు ఉండదు. నిండిన తొట్టి అర క్వింటాలు దాకా తూగుతుంది. చెక్క స్టూలు మీద పెట్టకుండా గట్టి బల్లమీద, కింద థర్మోకోల్ షీటు వేసి పెట్టండి. ఎండ నేరుగా పడకూడదు.

నీరు అంచు దాకా నింపొద్దు. రెండు మూడు అంగుళాలు ఖాళీ వదిలి పైన మూత పెట్టాలి. ఫైటర్ గాలి పీల్చుకునేది ఆ ఖాళీలోంచే. ఈ చేప బాగా దూకుతుంది కూడా.

నీళ్ళ సంగతి, అంటే యూరియా సంగతి

నగరంలో నల్లా నీరు మంజీర, కృష్ణ, గోదావరి నుంచి వస్తుంది. అందులో క్లోరిన్ కలుపుతారు. మన ఊళ్ళో బోరు నీటికి ఉప్పదనం, గట్టిదనం వేరు. దుకాణంలో ఒక నీటికి అలవాటుపడ్డ చేపను ఇంటికి తెచ్చి అమాంతం బోరు నీటిలో పడేస్తే తట్టుకోదు. బోరు నీటిని వెడల్పు బకెట్‌లో ఒక రోజు తెరిచి ఉంచండి. నల్లా నీటినైనా అంతే. తొందరైతే దుకాణాల్లో దొరికే హైపో పలుకులు వాడవచ్చు.

చేప మొప్పల నుంచి, పేడ నుంచి అమ్మోనియా వస్తుంది. మనం పొలంలో యూరియా చల్లినప్పుడు నేలలోని సూక్ష్మజీవులు దాన్ని అమ్మోనియాగా, తర్వాత నైట్రైట్‌గా, చివరికి నైట్రేట్‌గా మారుస్తాయి కదా. తొట్టిలోనూ జరగాల్సింది అదే. అమ్మోనియా, నైట్రైట్ చేపకు విషాలు. నైట్రేట్ అంత హాని చెయ్యదు. అయితే కొత్త తొట్టిలో ఆ సూక్ష్మజీవులు ఉండవు. అవి స్పాంజి ఫిల్టరులో, కింద వేసిన గులకరాళ్ళ మీద స్థిరపడటానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. తొట్టి కొన్న రోజే పది చేపలు వేస్తే మూడో రోజునుంచి ఒక్కొక్కటీ తేలడానికి కారణం ఇదే. దుకాణదారు రోగం చేప ఇచ్చాడని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు చేపది కాదు, నీటిది.

అందుకే చేపలు తెచ్చేముందే తొట్టిని నడిపించి సిద్ధం చేయండి. ఎవరి ఇంట్లోనైనా బాగా నడుస్తున్న తొట్టి ఉంటే అందులోని పాత స్పాంజి ముక్కను మీ తొట్టిలో వేసుకోండి. పెరుగు తోడు వేసినట్టే, పని త్వరగా అవుతుంది. వారానికోసారి నాలుగోవంతు నీరు తీసి కొత్త నీరు పోయండి. స్పాంజిని నల్లా కింద కడగొద్దు. క్లోరిన్‌తో సూక్ష్మజీవులు చస్తాయి. తీసిన తొట్టినీటిలోనే పిండండి. ఆ నీరు పారబోయకుండా వంకాయ మొక్కకో తులసి కోటకో పోస్తే మంచి ఎరువు.

ఫిల్టరు గాలి మెల్లగా రావాలి. పెద్ద తోక ఉన్న ఫైటర్ వేగంగా కదిలే నీటిలో ఈదలేక అలిసిపోతుంది.

బడి ఆవరణలో రాలిన బాదం ఆకు ఒకటి, బాగా ఎండినది, కడిగి తొట్టిలో వేయండి. నీరు టీ రంగుకు వస్తుంది. భయపడనక్కర్లేదు. థాయిలాండ్‌లో పెంచేవాళ్ళు చేసేదీ ఇదే. ఆ ఆకు కింద మిగతా చేపలు దాక్కుంటాయి కూడా. కలుపుమందు, పురుగుమందు కొట్టిన చోటి ఆకులు మాత్రం వద్దు.

ఎవరితో పడదు?

మగ ఫైటర్‌కు ఇంకో మగ ఫైటర్‌తో ఎంత పెద్ద తొట్టిలోనైనా పడదు. ఆడ ఫైటర్‌ను తోడుగా పెడతామనేవారు చాలామంది. గుడ్లు పెట్టేటప్పుడు కొద్దిసేపు తప్ప మగది ఆడదాన్ని కూడా తరిమి చీలుస్తుంది. గుడ్లు పెట్టగానే ఆడదాన్ని తీసెయ్యాలి. గౌరామీలు దీని దగ్గరి చుట్టాలే. జ్ఞాతుల మధ్యే తగాదాలు ఎక్కువ. మగ గప్పీ రంగు తోకను చూసి ఇంకో ఫైటర్ అనుకుంటుంది. నాకు జరిగింది అదే.

దెబ్బ ఎప్పుడూ ఫైటరే కొడుతుందనుకోవద్దు. టైగర్ బార్బ్‌లు వేస్తే అవి ఫైటర్ తోకను పీకుతాయి. ఊరి బావిలోనో మురుగు గుంటలోనో దోమల కోసం ఆరోగ్యశాఖవారు వదిలే గంబూసియా చేపలను పట్టి తెచ్చి వేసేవారున్నారు. అవి కూడా రెక్కలు కొరుకుతాయి. చెరువు పరిగెలు నిలకడగా ఉండవు, పైగా రోగాలు తెస్తాయి. రవ్వ, బొచ్చె పిల్లలు నెలల్లోనే తొట్టికి మించి పెరుగుతాయి. బంగారు చేప అసలే వద్దు. దానికి చల్లటి నీరు కావాలి, ఫైటర్‌కు వెచ్చటి నీరు కావాలి. పైగా అది తొట్టిని మురికి చేసినంతగా ఇంకేదీ చెయ్యదు.

"అద్దం శుభ్రం చేస్తుంది, ఒకటి తీసుకోండి" అని దుకాణంలో సక్కర్ చేపను అంటగడతారు. అంగుళం రెండంగుళాలు ఉంటుంది, చూడటానికి బుద్ధిమంతుడిలా ఉంటుంది. అది అడుగు దాటి పెరుగుతుంది. ఆకలేస్తే రాత్రిపూట నిద్రపోయే చేపల ఒంటిమీది జిగురు కూడా నాకుతుంది. దీని గురించి చివర మళ్ళీ చెబుతాను.

ఎవరితో కుదరవచ్చు?

ఫైటర్ సాధారణంగా పైనీటిలో తిరుగుతుంది. కాబట్టి అడుగున బతికేవి, తోక చిన్నగా ఉన్నవి, మట్టిరంగువి చూసుకోవాలి. కోరీడోరస్ అనే చిన్న మీసాల చేప అన్నిటికంటే నయం. అది అడుగున ఇసుకలో వెతుక్కుంటూ తన పని తాను చూసుకుంటుంది. ఒకటి రెండు తెస్తే బెదిరి మూల చేరుతుంది, ఆరు కలిపి తేవాలి. చిన్న రకం రాస్‌బోరాలు కూడా గుంపుగా, చురుగ్గా తిరుగుతాయి. ఫైటర్ తరిమినా దొరకవు. అడుగున్నర తొట్టిలో ఈ రెంటిలో ఒకటే పెట్టండి, రెండూ కాదు. నియాన్ టెట్రాలు అన్ని చోట్లా దొరుకుతాయి. కొందరికి కుదిరాయి, కొందరికి కుదరలేదు. నా మాట అడిగితే మొదటి ఏడు వాటి జోలికి పోవద్దు.

అడుగు తొట్టి మాత్రమే ఉన్నవారు ఒక నీటి నత్తతో సరిపెట్టుకోండి. నత్త కొమ్ములను ఫైటర్ పొడిచి చూస్తుంది, అది గుల్లలోకి ముడుచుకుంటుంది, రెండు మూడు రోజుల్లో ఫైటర్‌కు విసుగు పుడుతుంది. చిన్న రొయ్యలు వేస్తే మాత్రం అవి తోడు కాదు, మేత.

చేపలను వదిలే వరసలోనే సగం పని ఉంది. ముందుగా తోడు చేపలను వదలాలి. వారం పది రోజులు అవి తొట్టిని తెలుసుకున్నాక చివరగా ఫైటర్‌ను తేవాలి. ముందు ఫైటర్‌ను వేస్తే తొట్టి మొత్తం దాని పేరున పట్టా అయిపోతుంది, తర్వాత వచ్చినవన్నీ దానికి దొంగలే. ఇప్పటికే ఫైటర్ ఉంటే దాన్ని ఒక రోజు వేరే జాడీలో పెట్టి, తొట్టిలో రాళ్ళు, మొక్కలు, కుండపెంకులు అన్నీ చోట్లు మార్చి, కొత్తవాటిని వదిలి, ఆ తర్వాత దాన్ని వేయండి. పాత హద్దురాళ్ళు కనిపించకపోతే కొంత తగ్గుతుంది.

మొక్కలు ఒత్తుగా ఉండాలి. ఈ కొస నుంచి చూస్తే ఆ కొస కనిపించకూడదు. చెరువులో పాచిమొక్క తెచ్చుకుంటే బకెట్లో రెండు మూడు రోజులు నానబెట్టి, నీళ్ళు మార్చి, జలగలు, తూనీగ పిల్లపురుగులు లేకుండా చూసుకుని వేయండి. పైన అంతర తామర రెండు వేస్తే దాని వేళ్ళు తెరల్లా వేలాడతాయి. ఆకులు నీటిని మొత్తం కప్పేయకుండా చూడండి.

వదిలాక మొదటి రెండు గంటలు దగ్గరే కూర్చోండి. మొప్పలు విప్పి ఒకసారి బెదిరించడం మామూలే. అదేపనిగా వెంటపడితే, తోక చిరిగితే, ఏదైనా చేప మూలన చేరి మేతకు రాకపోతే ఆ రోజే విడదీయాలి. వారంపాటు పొద్దునా సాయంత్రమూ తలలు లెక్కపెట్టండి. అయిదు లీటర్లు తగ్గని జాడీ ఒకటి నీళ్ళతో ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఇది లేకుండా తోడు పెట్టొద్దు. ఆరు నెలలు బుద్ధిగా ఉన్న ఫైటర్ ఏడో నెలలో తిరగబడటం కూడా ఉంది. ఒకదాని గుణం ఇంకోదానికి రాదు. ఎద్దుల్లో మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయా?

కరెంటు పోతే

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. రాత్రి కరెంటు పోయి గాలిపంపు ఆగితే ఫైటర్‌కు ఏమీ కాదు, అది పైకి వచ్చి గాలి మింగుతుంది. తోడు చేపలే ఇబ్బంది పడతాయి. కోరీడోరస్ కొంతవరకు గాలి మింగి నెట్టుకొస్తుంది. మిగతావి పైకి వచ్చి నోరు తెరుస్తాయి. అలా కనిపిస్తే చెంబుతో నీరు తీసి పైనుంచి ధారగా అదే తొట్టిలో మెల్లగా పోస్తూ ఉండండి. కోతలు ఎక్కువగా ఉండే ఊళ్ళలో బ్యాటరీ పంపు ఒకటి కొనుక్కోండి, లేదా ఫైటర్‌ను ఒక్కదాన్నే పెంచండి.

ఫైటర్‌కు 25 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం ఉండాలి. సంక్రాంతి ముందు చలి రాత్రుల్లో చిన్న తొట్టి త్వరగా చల్లబడుతుంది. చేప మందగించి అడుగున పడుకుంటుంది, మేత ముట్టదు. 40 లీటర్లకు 50 వాట్ల హీటరు చాలు. దానంతట అదే ఆగే రకం తీసుకోండి. ఎండాకాలం మధ్యాహ్నం తొట్టిని రేకుల షెడ్డు కింద ఉంచొద్దు.

మన ఇళ్ళలో ఉండే అసలు ప్రమాదం పురుగుమందు. సైపర్‌మెత్రిన్ లాంటి సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు మనిషికంటే చేపకు ఎన్నో రెట్లు విషం. మందు కొట్టి వచ్చిన చేతులతో, సబ్బుతో బాగా కడగకుండా, తొట్టిలో చెయ్యి పెట్టొద్దు. మందు డబ్బా ఎన్నిసార్లు కడిగినా దానితో నీళ్ళు మోయొద్దు. దోమల చక్రాల్లో, బిళ్ళల్లో, స్ప్రేల్లో ఉండేది కూడా ఇదే కోవకు చెందిన మందు. గాలిపంపు ఆ గదిలో గాలినే లాగి నీటిలోకి కొడుతుంది కాబట్టి తొట్టి ఉన్న గదిలో అవి వాడకండి.

మేత

దోమ పిల్లపురుగులంటే ఫైటర్‌కు ప్రాణం. మేతకని దోమలను పెంచొద్దు గానీ, కుండీలో కనబడితే వడగట్టి వేయండి. లేకపోతే గుళికల మేత పూటకు రెండు మూడు గింజలు, రోజుకు రెండు పూటలు. దాని కడుపు దాని కన్నంత ఉంటుందని గుర్తుంచుకుంటే ఎక్కువ వేయరు. అన్నం, రొట్టె, తవుడు వద్దు. కోరీడోరస్‌లకు దీపం ఆర్పాక వేరుగా మునిగే మేత వేయాలి. లేకపోతే పైనున్న పహిల్వాను అంతా తినేసి వాటిని పస్తు పెడతాడు. రోగం వస్తే రాళ్ళ ఉప్పు వేసే అలవాటు మనవాళ్ళకుంది. లీటరుకు ఒక గ్రాము ఫైటర్ తట్టుకుంటుంది, మీసాల చేపలు తట్టుకోలేవు. జబ్బు చేపను జాడీలోకి తీసి అక్కడ వేయండి.

పెంచి అమ్మితే?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ఒక్క ఈతలో వందల గుడ్లు పెడుతుంది, నిజమే. రెండు మూడు నెలలు నిండగానే మగపిల్లలన్నిటినీ విడివిడిగా సీసాల్లో పెట్టాలి. రెండు వందల సీసాలంటే రోజూ రెండు వందల చోట్ల మేత, రెండు మూడు రోజులకోసారి రెండు వందల చోట్ల నీళ్ళ మార్పు. చెన్నై కొళత్తూరు, కోల్‌కతా పరిసరాలు ఈ పనిలో ఆరితేరాయి. వారి ధరతో పోటీపడాలి. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజనలో పెరటి రంగుచేపల యూనిట్‌కు 3 లక్షల రూపాయల ఖర్చు లెక్కకట్టి, సాధారణ వర్గాలకు 40 శాతం, ఎస్సీ, ఎస్టీ, మహిళలకు 60 శాతం రాయితీ పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో కనుక్కోండి. జాతీయ మత్స్య అభివృద్ధి మండలి హైదరాబాద్‌లోనే ఉంది, రాజేంద్రనగర్ దారిలో చేప ఆకారంలో కట్టిన భవనం అదే. అప్పు చేసి దిగేముందు ఒక జత పెట్టి ఒక ఈత తీసి చూసుకోవడం మేలు.

తెచ్చేటప్పుడు, వద్దనుకున్నప్పుడు

పాతబస్తీలో చేప కొని ఇమ్లీబన్‌లో బస్సెక్కేవారు ప్యాకెట్‌లో నీరు మూడోవంతు, మిగతాది గాలి ఉండేలా కట్టించుకోండి. పేపరు చుట్టి చీకటి చేసి సంచిలో పెట్టండి, కిటికీ ఎండ తగలనీయొద్దు. ఇంటికి వచ్చాక ప్యాకెట్‌ను తొట్టిలో పావుగంట తేలనిచ్చి, తర్వాత అరగంటలో కొంచెం కొంచెంగా తొట్టినీరు అందులో పోసి, చేపను మాత్రమే వలతో తీసి వదలండి. దుకాణం నీరు తొట్టిలో పోయొద్దు.

పెంచలేమనుకుంటే దుకాణానికి తిరిగి ఇవ్వండి, తెలిసినవారికి ఇవ్వండి. చెరువులో, కాలువలో, పొలం కుంటలో మాత్రం వదలొద్దు. ముఖ్యంగా ఆ సక్కర్‌ను. ఇది మన రాష్ట్రాల చెరువుల్లోకీ, చేపల గుంటల్లోకీ ఇప్పటికే చేరింది. ముళ్ళ కవచంతో వలలు చింపుతుంది, గట్లకు బొరియలు పెడుతుంది, మేత తినేస్తుంది, మార్కెట్లో మాత్రం రూపాయి పలకదు. చేపలమీద బతికే కుటుంబానికి ఒక ఏడాది పంట నష్టం. ఆఫ్రికా క్యాట్‌ఫిష్ పెంపకాన్ని మన దేశంలో 2000లోనే నిషేధించారు. అయినా అది నీళ్ళలోంచి పోలేదు. యాపిల్ నత్తలు కూడా అంతే, తూర్పు దేశాల్లో నాట్లు వేసిన వరిని కొరికి పారేసే పురుగు అది. తొట్టి మొక్కలు, నత్తలు తీసేస్తే ఎండలో ఆరబెట్టి పెంటకుప్పలో వేయండి.

ఊరికి, పెండ్లికి పోవాల్సి వస్తే ఫైటర్ మూడు నాలుగు రోజులు మేత లేకుండా ఉండగలదు. పక్కింటివారికి మేత డబ్బా ఇచ్చి పోకండి. వారు ప్రేమకొద్దీ గుప్పెడు వేస్తారు, మీరు వచ్చేసరికి నీరు కుళ్ళి ఉంటుంది. తప్పదంటే పూటకు సరిపడా గింజలు కాగితపు పొట్లాలు కట్టి, వాటిమీద రోజు పేరు రాసి ఇవ్వండి.